చెట్టు తన్నిన పోశన్న

లోకంలో అందరూ చెట్ల మీంచి పడతారు. పోశన్నను మాత్రం చెట్లు తన్నేవి. ఆయన వాదన అది, దానిమీద అప్పీలు లేదు.

"ఏమైంది పోశన్నా?"

"చెట్టు తన్నింది సారూ."

"చెట్టు ఎలా తంతుందయ్యా?"

"కాలుతోని."

ఇలా సమాధానం చెప్పి, మోకాలు పట్టుకుని, ఇంకేమైనా అనుమానాలుంటే చెట్టునే అడగమన్నట్టు దానివైపు చూసేవాడు. అడగవలసిన బాధ్యత కృష్ణప్రసాద్‌ది. ఆయనది భీమవరం పక్క ఊరు. దోహాలో చెట్లు కొట్టే ఒక కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. నెమ్మదైన మనిషి. ఇంగ్లీషులో నివేదికలు ముచ్చటగా రాస్తాడని పేరు. కానీ చెట్టు తన్నడాన్ని ఇంగ్లీషులో ఎలా రాయాలో ఆయన చదివిన కాలేజీలో ఎవరూ నేర్పలేదు.

ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకి ఇంకా మూడేళ్ళుందనగా మాట. ఊరు ఊరంతా తవ్వి పోశారు. అల్ తుమామాలో స్టేడియం వైపు పోయే రోడ్డును వెడల్పు చేస్తుంటే దారికి అడ్డొచ్చిన చెట్లలో బతికేవాటిని వేళ్ళతో సహా లేపి వేరేచోట నాటడం, చచ్చినవాటిని నరికి కట్టెలు కొట్టి పేర్చడం ఆ కంపెనీ పని. చలికాలంలో ఎడారికి పోయి గుడారాలు వేసుకునేవాళ్ళు ఆ కట్టెలను మంటలకు పట్టుకుపోయేవారు. పోశన్న కొమ్మలు కొట్టేవాడు. జగిత్యాల వైపు మనిషి, బర్వా అల్ బరాహా క్యాంపులో ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, తన కొమ్మలు తనే కొట్టేసుకున్న చెట్టులా ఉండేవాడు.

కంపెనీలో ఒక నియమం ఉంది. ఎవరికైనా దెబ్బ తగిలినా, తగలబోయి తప్పినా రంపాలన్నీ అక్కడికక్కడ ఆగాలి. సేఫ్టీ ఆఫీసరు వచ్చి చూసి, కాగితం రాసి, సరేననేదాకా ఎవరూ పుల్ల ముట్టకూడదు. ప్రపంచమంతా తమనే చూస్తోందని కంపెనీకి భయం. కృష్ణప్రసాద్ నాలుగు సైట్లకు ఒక్కడే. పైగా ఆ రోజుల్లో నిన్న ఉన్న రోడ్డు ఇవాళ ఉండేది కాదు. ఎక్కడో మొదలుపెట్టి, ఎర్ర బోర్డులు చూపించినచోటల్లా తిరిగి, ఆయన వచ్చేసరికి ఎంత లేదన్నా గంట దాటేది. అందాకా పనివాళ్ళంతా కంపెనీ బస్సులో ఏసీ వేసుకుని కూర్చునేవారు. పోశన్న మాత్రం బస్సు మెట్టు మీద మోకాలు పట్టుకుని, అందరికీ మజ్జిగ ప్యాకెట్లు అందిస్తూ మూలిగేవాడు.

మొదటిసారి తన్నింది వేపచెట్టు. నిచ్చెన మూడో మెట్టు మీంచి పడ్డాడు.

"వేపచెట్టు మనూరిదే గద సారూ. మనోళ్ళే ఎక్కువ తంతరు."

రెండోసారి ఖర్జూరం. మట్ట మొదట ఉండే ముల్లు ఆయన కూర్చున్నచోట దిగింది. ఫోర్‌మన్ భూమేష్ పట్టకారుతో లాగవలసి వచ్చింది. తిరిగి ఆ పట్టకారును ఎవరూ ముట్టుకోలేదు. "ఖర్జూరమంటే ఏంది సారూ, మన ఈతచెట్టే. దుబాయికొచ్చి బలిసింది," అన్నాడు పోశన్న, నిలబడే. గల్ఫంతా ఆయనకు దుబాయే.

ఇంకోసారి గొడ్డలి తల కర్రలోంచి ఊడి, ఎగిరి, భూమేష్ టిఫిన్ డబ్బాలో దిగింది. లోపల ఉడికిన గుడ్డు సరిగ్గా రెండు ముక్కలైంది. భూమేష్ ఆ గుడ్డును తినకుండా చాలాసేపు చూశాడు. "గీ గుడ్డు జాగల నా నెత్తి ఉంటే?" అన్నాడు. "నీ నెత్తయితే గింత సాపుగ తెగకపోవు," అన్నాడు ముజఫ్ఫర్ అలీ.

ముజఫ్ఫర్ అలీ నిజామాబాద్ మనిషి, అందరికంటే పెద్దవాడు. పడ్డ మానులను మిషన్ రంపంతో కట్టెలుగా కోయడం ఆయన పని. కోస్తున్నంతసేపూ ఏదో పాత రాగం తీస్తూనే ఉంటాడు. మిషన్ మోతను మించి పాడాలని పంతం. పాట బాగోదు. కానీ సైటులో దానికి అందరూ అలవాటుపడ్డారు.

ఆ తర్వాత దుంగ ఒకటి దొర్లి పోశన్న కాలు మీదికొచ్చింది. ఇనుప బూటు కాపాడింది. అయినా కుంటాడు. కృష్ణప్రసాద్ ఆయన్ను అటు నడిపించాడు, ఇటు నడిపించాడు.

"పోయేటప్పుడు ఎడమకాలు కుంటావు, వచ్చేటప్పుడు కుడికాలు కుంటావేం?"

"నొప్పి ఒక్కతాన ఉంటదా సారూ? తిరుగుతది."

ప్రమాద నివేదికలో మనిషి బొమ్మ ఒకటి ఉంటుంది. దెబ్బ తగిలినచోట గుర్తు పెట్టాలి. పోశన్న గుర్తులన్నీ ఒకే బొమ్మ మీద పెడితే ఆ మనిషికి మశూచి వచ్చినట్టుండేది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో కృష్ణప్రసాద్ కాపురం. సాయంత్రం ఇంటికి వస్తే భార్య భానుమతి కాఫీ కంటే ముందు ఒక ప్రశ్న ఇచ్చేది.

"ఇవాళ మీ పోశన్నని ఏ చెట్టు తన్నిందండీ?"

మే నెల వచ్చింది. ఎండ మనుషుల్ని పేరు పెట్టి పిలిచి మరీ కాల్చే నెల. జూన్ నడుమ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం బయటిపని చేయించకూడదని ప్రభుత్వం నియమం. సూర్యుడు మాత్రం మే నుంచే డ్యూటీ ఎక్కేస్తాడు. ఆ నెలలో చెట్లన్నీ కూడబలుక్కున్నట్టు పోశన్నను తన్నాయి. మేనేజరుకి కోపం వచ్చింది. కృష్ణప్రసాద్‌ను పిలిచాడు.

"వీడికి చెట్టెక్కడం రాదు. ఆదివారం నువ్వు పరీక్ష పెట్టు. పనికిరాడని రాసి సంతకం చెయ్యి. టికెట్ కొని ఇంటికి పంపేద్దాం."

కృష్ణప్రసాద్ ఆ మాట పోశన్నకు మెల్లగా చెప్పాడు.

"నా బిడ్డ జగిత్యాలల నర్సు చదువుతున్నది సారూ. అది నర్సయ్యేదాక ఆగుండ్రి. ఆడికెల్లి నాకు ఎన్ని దెబ్బలు తాకినా ఫికర్ లేదు."

శుక్రవారం సెలవు. భోజనం చేసి పడుకున్న కృష్ణప్రసాద్‌కు మేడమీద కిటికీ బయట ఏదో చప్పుడై మెలకువ వచ్చింది. వాళ్ళుండేది నాలుగు కుటుంబాలు పంచుకున్న విల్లా. ఆవరణలో ఖర్జూరం ఒకటుంది. దాని ఎండు మట్టలు నీళ్ళ ట్యాంకు మీద పడుతున్నాయని, ఎవరినైనా పిలిచి కొట్టించమని భానుమతి వాచ్‌మన్‌కు చెప్పింది. వాచ్‌మన్ తనకు తెలిసిన ముజఫ్ఫర్ అలీకి చెప్పాడు. ముజఫ్ఫర్ అలీ ఒక మనిషిని తీసుకొచ్చాడు.

ఆ మనిషి నడుముకూ చెట్టుకూ కలిపి మోకు వేసుకుని, చెప్పులు లేకుండా, ఉడత ఈర్ష్యపడేలా ఎక్కుతున్నాడు. ఒక చేత్తో రంపం లాగుతూ రెండో చేత్తో మీసం సవరించుకుంటున్నాడు. తెగిన మట్టలు ఒకదాని మీద ఒకటి, పెట్టెలో పట్టుచీరలు సర్దినట్టు, ఒకేచోట పడుతున్నాయి.

"ఆ కుడివైపుది కూడా తీసెయ్యి, జాగర్త నాయనా!" అంటోంది కిందనుంచి భానుమతి.

"మీరు పరేషాన్ గావద్దమ్మా. చెట్టు మనదే."

కృష్ణప్రసాద్ కిటికీ తెరిచాడు. పోశన్న ముఖం సరిగ్గా ఎదురుగా ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రంపం ఆగింది.

"సారూ..." అన్నాడు పోశన్న, గొంతు తగ్గించి. "ఇప్పుడు పడాల్నా?"

ఇద్దరూ కిందికి దిగాక భానుమతి అరుగు మీద కూర్చోబెట్టి పులిహోర పెట్టింది. ముజఫ్ఫర్ అలీ అవతల బండిలో మట్టలు వేసుకుంటూ రాగం తీస్తున్నాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు కృష్ణప్రసాద్.

"చెప్పుడేముంది సారూ, మేం గౌండ్లోళ్ళం. తాతలకాడికెల్లి కల్లుకు తాళ్ళెక్కుడే మా పని. ఒక్కనాడన్న పడలే. తాడి మీదికెల్లి పడ్డోడు మల్ల ముచ్చట చెప్పతందుకు ఉండడు."

"మరి మా దగ్గర?"

పోశన్న బండివైపు చూశాడు. "ముజఫ్ఫర్ భాయ్ పాట ఇంటున్నరా? మంచిగుండదు."

"ఉండదు."

"గా పాట నడిచినంతసేపు ఫికర్ లేదు. ఎండల ఆయనకు కండ్లు తిరుగుతయ్. గానీ ఒప్పుకోడు. జర కూసో భాయ్ అంటె, నేను ముసలోడిననుకున్నవా అని కొట్లాటకొస్తడు. ఫోర్‌మన్‌నడిగితే పని ఆగదంటడు. మిషన్ రంపం పట్టుకున్నోనికి కండ్లు తిరిగితే చేతి ఏళ్ళు వోతయ్ సారూ. ఇగ పాట బందైందంటె నేను పడత. నేను పడితె పని ఆగుతది. మీరొచ్చేదాక ఆయన బస్సుల చల్లగ కూసుంటడు."

"నిచ్చెన మీంచి పడ్డ ప్రతిసారీ మూడో మెట్టు మీంచే పడ్డావు."

"ఇంక మీదికెల్లి పడితే దెబ్బ తాకదా?" అన్నాడు పోశన్న, ఇంత చదివి ఇదేం ప్రశ్న అన్నట్టు. తర్వాత గొంతు మారింది. "గొడ్డలి మాత్రం అసల్ది సారూ. అది నేను కావాలని చెయ్యలే. రెండు రాత్రులు నిద్ర వట్టలే నాకు. భూమేష్‌కు చెప్పకుండ్రి. ముల్లు గూడ అసల్దే. అది ఎవలకు జెప్పినా ఫికర్ లేదు, అందరు జూసిండ్రు."

వాళ్ళు వెళ్ళాక కృష్ణప్రసాద్ తల పట్టుకున్నాడు. నిజం చెబితే మోసగాడని పంపేస్తారు. చెప్పకపోతే చేతకానివాడని పంపేస్తారు. ఎటు చూసినా విమానమే. భానుమతి ఖాళీ గిన్నె తీస్తూ తేల్చేసింది.

"మీరేం చెప్పకండి. మీ మేనేజర్నే వచ్చి చూడమనండి. పోశన్న ఎక్కుతాడుగా, కళ్ళతో చూస్తే ఇంకేమంటాడు?"

పరీక్ష ఆదివారం పొద్దున్నే, చల్లగా ఉండగానే అనుకున్నారు. "మీ మీద ఒట్టు సారూ, ఇయ్యాల అస్సల్ పడ," అన్నాడు పోశన్న. ఒక్క క్షణం ఆగి, "పాట నడవాలె మల్ల," అన్నాడు.

అంతా సిద్ధం. మేనేజరు లేడు. నిన్న ఉన్న రోడ్డు ఆయనకు కూడా ఇవాళ లేకపోయింది. ఎర్ర బోర్డులు ఆయన్ను ఎయిర్‌పోర్టుకు ఒకసారి, సముద్రానికి ఒకసారి చూపించి, మిట్టమధ్యాహ్నానికి సైటులో వదిలిపెట్టాయి. దిగీ దిగగానే, "యల్లా, త్వరగా ఎక్కమను," అన్నాడు, మెడకు బిగించిన టై వదులు చేసుకుంటూ.

చచ్చిన ఖర్జూరం. కింద సగం నిచ్చెన, పైన మోకు. పోశన్న చెట్టు చుట్టూ తిరిగాడు. మానును అరచేత్తో తట్టి, "పిట్టలుంటె పోండ్రి," అన్నాడు. అక్కడ పిట్టలు లేవు. ఆ ఎండకు అవి ఎప్పుడో పోయాయి. తర్వాత ఎక్కాడు. కోసిన మట్టలు మేనేజరు బూట్లకు మూరెడు దూరంలో, వరసగా, మర్యాదగా పడ్డాయి. మేనేజరు నోరు తెరిచాడు. అవతల కట్టెల కుప్ప దగ్గర ముజఫ్ఫర్ అలీ పాట సాగుతోంది. కృష్ణప్రసాద్‌కు జీవితంలో మొదటిసారి ఆ పాట ఎంతో బాగున్నట్టనిపించింది.

ఉన్నట్టుండి అది ఆగింది.

మిషన్ రంపం మాత్రం ఆగలేదు. భూమేష్ అటు చూడటం లేదు. ముజఫ్ఫర్ అలీ కళ్ళు మూసి తెరుస్తున్నాడు. పైన పోశన్న తల తిప్పాడు. అంతే, మోకు సర్రుమంది. తాడిచెట్టు మీంచి కల్లుకుండతో దిగినట్టు జారి, నిచ్చెన మూడో మెట్టు మీద ఆగాడు. ఒక్క అంగలో నేలమీద ఉంటాడు. కానీ దిగి వెళ్ళి రంపం లాక్కుంటే ముసలాయన పరువు పోతుంది. పడితే తన ఉద్యోగం పోతుంది. మెట్టు మీంచే కృష్ణప్రసాద్ వైపు చూశాడు. ఒట్టు తీసి గట్టున పెట్టమన్న చూపు అది. కుడిచేయి నిచ్చెనను వదిలింది.

"అమ్మో!"

అరిచింది పోశన్న కాదు. సేఫ్టీ ఆఫీసరు కృష్ణప్రసాద్ గారు, ఇస్త్రీ చొక్కాతో, నెత్తిన తెల్ల హెల్మెట్‌తో, పక్కనున్న దుంగ మీంచి అటువైపు పడి ఉన్నారు. రెండు కాళ్ళు మాత్రం ఇటువైపున్నాయి.

"బంద్! అన్నీ బంద్!" అరిచాడు భూమేష్. రంపాలన్నీ ఆగాయి. ముజఫ్ఫర్ అలీ మిషన్ కిందపెట్టి, మానుకు ఆనుకుని నిలబడ్డాడు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది?"

కృష్ణప్రసాద్ అంత అందమైన ఇంగ్లీషూ ఆ క్షణాన ఎటో పోయింది.

"చెట్టు తన్నింది సార్," అన్నాడు.

మేనేజరు ఆయన్ను చూశాడు. నిచ్చెన మీద ఒంటిచేత్తో వేలాడుతున్న పోశన్నను చూశాడు. నుదుటి చెమట టైతో తుడుచుకున్నాడు. "అతను కోతిలా ఎక్కుతున్నాడు. నేలమీద నిలబడలేనివాడివి నువ్వు. నిన్నెవరయ్యా సేఫ్టీలో పెట్టింది?" అన్నాడు. సేఫ్టీ ఆఫీసరే పడితే చూసి రాయడానికి హెడ్డాఫీసు నుంచి ఇంకొకరు రావాలి. రోడ్ల సంగతి మేనేజరుకు ఇప్పుడే తెలిసొచ్చింది. "ఇవాళ్టికి పని చాలు. రేపట్నుంచి తెల్లారకముందే మొదలుపెట్టి పదింటికల్లా ఆపండి. ఈ టైములో మనిషన్నవాడు నిలబడగలడా?" అంటూ తన చల్లటి కారులోకి దాదాపు దూకాడు.

అందరూ బస్సు వైపు నడిచారు. ముజఫ్ఫర్ అలీ తడిగుడ్డ తలమీద వేసుకుని కూర్చున్నాడు. "ఈ చదువుకున్నోళ్ళకు నడుసుడు గూడ రాదు," అని గొణిగాడు. రెండు మజ్జిగ ప్యాకెట్లు అయ్యేసరికి రాగం అందుకున్నాడు. ఎప్పటిలాగే ఘోరంగా.

పోశన్న ఒక చెయ్యి భుజం కిందవేసి కృష్ణప్రసాద్‌ను నడిపించుకొస్తున్నాడు. సారు కుంటుతున్నాడు. బస్సు మెట్ల దగ్గరికొచ్చాక పోశన్న వంగి ఆయన చెవిలో అన్నాడు.

"సారూ, ఇందాక కుంటింది ఎడమకాలు గద?"

కృష్ణప్రసాద్ కిందికి చూసుకున్నాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు మెట్టెక్కాడు.

"నొప్పి తిరుగుతుంది పోశన్నా."