ఎర్రమొన కడ్డీ

మా వదిన రేడియోలు బాగుచేస్తుంది. వాటితో సరదా తీరక, రేడియోధార్మికత తగిలితే టిక్కుమనే గైగర్ కౌంటర్ ఒకటి సొంతంగా తయారుచేసింది. అది ఊరికే కూడా అప్పుడప్పుడూ టిక్కుమంటుంది. నిజంగా పనిచేస్తోందో లేదో తేలాలంటే దాని ముందు తగిన వస్తువేదైనా పెట్టాలి. అందుకోసం ఆవిడ పట్టిన పట్టు చూస్తే నాకు నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది.

"పొగ వస్తే మోగే అలారం ఉందిగా. విప్పెయ్ వదినా, అందులో రేడియోధార్మిక పదార్థం ఉంటుందట" అన్నాను.

"మూసి ఉన్నది విప్పను, పూత గీకను. పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఎవరు తీస్తారు, నువ్వా?" అంది.

పొటాషియానికి కాస్త రేడియోధార్మికత ఉంటుందని, అది కలిపిన ఉప్పు తెచ్చింది. టిక్కులు పెరిగాయని ఆవిడ, పెరగలేదని నేను పోట్లాడుకున్నాం. గ్యాసు దీపాల్లో వెలిగే మాంటిళ్ళ కోసం కాళ్ళరిగేలా తిరిగింది. దొరికినవన్నీ కొత్తరకాలే, పాతవాటిలో ఉండే థోరియం అనే రేడియోధార్మిక లోహం వాటిలో లేదు. అయినా వదల్లేదు.

తీరా చూస్తే అది ఇంట్లోనే ఉంది. అన్నయ్య వెల్డర్. వాళ్ళు వాడే టంగ్‌స్టన్ కడ్డీల్లో ఎర్రమొనవాటిలో థోరియం కలుపుతారని వదిన చదివింది. అడగ్గానే అన్నయ్య కొత్త పెట్టెలోంచి ఒకటి తీసిచ్చాడు. దగ్గర పెట్టగానే కౌంటర్ ఆగకుండా టిక్కుమంది. వదిన చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"ఇదా? రోజూ సానపట్టి మొన తీస్తుంటాగా" అన్నాడు అన్నయ్య.

వదిన చప్పట్లు ఆగిపోయాయి. "ముక్కుకి ఏం కట్టుకుంటారు?"

"కట్టుకునేదేముంది? పొడి ఉఫ్‌మని ఊదేస్తా."

"కడ్డీ ముట్టుకుంటే ఏం కాదు. ఆ పొడి పీల్చకూడదండీ" అంది వదిన. మర్నాడే అన్నయ్యని, పెట్టెని, నన్ను వెంటబెట్టుకుని, కడ్డీలు మార్పించడానికి అవి కొన్న షాపుకి వెళ్ళింది. థోరియం లేని కడ్డీలు ఉన్నాయిగానీ, మేం తెచ్చిన పెట్టెలో ఒక్కటి తగ్గినా మార్చనన్నాడు షాపాయన. వదిన వెంటనే సంచిలోంచి తన కడ్డీ తీసి పెట్టెలో సర్దేసింది.

అన్నయ్య మనసు చివుక్కుమంది. "ఇన్నాళ్ళు వెతికావు కదే! మళ్ళీ మొదటికొచ్చింది."

"కడ్డీ ఇంకోటి దొరుకుతుంది, మొగుడు దొరకడు" అంది వదిన. "పదండి, మాస్కు కొనాలి."