ఢంకాసురుడి హాజరు

మొత్తం పోయినవి ఇవి: వంతెనలు పదకొండు, ట్రాములు నలభై మూడు, ఏనుగులు తొమ్మిది, సముద్రాలు రెండు, చందమామ ఒకటి (మొదట సగం, రెండు వారాల తర్వాత మిగతా సగం), మెల్‌బోర్న్ నగరం నాలుగుసార్లు. వంకాయలు కూడా పోయాయి గానీ ఆ పేజీలో "అన్నీ" అని రాసి ఉంది. అన్నీ అనేది అంకె కాదు కాబట్టి కలపలేదు. ఇవాళ పొద్దున గ్యారేజీ సర్దుతుంటే ప్లాస్టిక్ డబ్బాలో మూడు పాత నోటుబుక్కులు దొరికాయి. సర్దడం ఆపి, మిక్సీ అట్టపెట్టె మీద కూర్చుని ఈ జాబితా వేశాను. మా ఆయన తొంగి చూసి, ఉన్నవాటిని లెక్కపెట్టేవాళ్ళను చూశాను గానీ అసలు లేనివి పోతే లెక్కపెట్టేదానివి నువ్వొక్కదానివేనని చీపురు తీసుకుని వెళ్ళిపోయారు.

ఈ నష్టమంతా ఒక్కడే చేశాడు. వాడి పేరు ఢంకాసురుడు. పిల్లలు బొమ్మలు వేసి రాసుకున్న కథలో విలన్. పుట్టింది ఇక్కడే, మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో, ఆదివారం పూట అద్దె హాల్లో జరిగే తెలుగు బడిలో. బడి నడిపింది మా వదిన, అంటే మా వారి అక్క. పద్నాలుగు మంది పిల్లలు. అందరికీ తెలుగు అర్థమయ్యేది, నోరు తెరిస్తే మాత్రం ఇంగ్లీషే. అందుకని వదిన ఒక పద్ధతి పెట్టింది. వారానికొకరు నోటుబుక్కు ఇంటికి తీసుకెళ్ళి, ఒక పేజీ కథ, ఒక బొమ్మ వేసుకురావాలి. నియమాలు రెండే: ఇంగ్లీషు ముక్క ఉండకూడదు, పేజీ పూర్తయ్యేలోగా దుష్టుడు చావాలి. మొదటి పేజీ రాసిన పిల్లవాడు పేరు కోసం అక్షరాల పుస్తకం తిరగేస్తే ఢ దగ్గర ఢంకా కనబడిందట. కష్టపడి నేర్చుకున్న అక్షరం, ఇంకెక్కడా పనికొచ్చేలా లేదు. ఊరికే పోనీయకుండా వీడికి పెట్టేశాడు.

పిల్లలకు ఎన్ని మాటలు వస్తే వాడు అన్ని నేరాలు చేసేవాడు. కూరగాయల పాఠం అయిన వారం వంకాయలు ఎత్తుకుపోయాడు. జంతువుల పాఠం కాగానే ఏనుగులు మాయం. శరీర భాగాలు వచ్చేసరికి వాడి ఎడమ చెవే తెగిపోయింది. వాడికి తల్లులు ముగ్గురు: ఒకామె టీచరు, ఒకటి సొరచేప, మూడో ఆమె ఆ పేజీ రాసిన అమ్మాయి సొంత నానమ్మ. ఆవిడ వీడియో కాల్‌లో తన బొమ్మ చూసుకుని మురిసిపోయారట. ఇక్కడ సిటీలో కుడివైపు తిరగాలంటే ఎడమ పక్కన ఆగి తిరగాలి; వాడు అలా తిరగబోయి ట్రాము కింద చచ్చాడు. మాగ్‌పై పిట్ట నెత్తిన పొడిచి ఒకసారి, టోపీ లేకుండా ఎండలో ఆడుకుని ఒకసారి చచ్చాడు. ఎలా చచ్చినా తర్వాతి పేజీ ఒకేలా మొదలయ్యేది: "ఢంకాసురుడు మళ్ళీ లేచాడు." ఎలా లేచాడని ఏ పిల్లా అడగలేదు.

నేనడిగాను. పదో తరగతితో చదువు ఆపినదాన్ని, లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. గోదాములో సరుకు లెక్క చూసే ఉద్యోగం వాటితోనే వచ్చింది. బడిలో హాజరు వేయడం, జిరాక్సులు తీయడం నా పని. ఏడో పేజీలో తెగిన చెవికి పన్నెండో పేజీలో పోగు వేలాడుతుంటే నాకు అన్నం సహించేది కాదు. స్కూలు సెలవుల్లో రెండు వారాలు కూర్చుని వాడి చరిత్ర సరిచేశాను. ఒక పుట్టుక, ఒక తల్లి, ఒక చావు. తల్లుల్లో టీచరును ఉంచి, నానమ్మగారిని, సొరచేపను తీసేశాను. వదిన చదివి, "పోనీలేమ్మా, ఇన్నాళ్ళకు వీడికో జాతకం కుదిరింది" అంది. ఇకమీదట అందరూ దీని ప్రకారమే రాయాలని పిల్లలకు పంచిపెట్టింది.

తర్వాతి ఆదివారం పదకొండు మంది వచ్చారు. పై వారం ఎనిమిది. ఆ పై వారం ఏడు. నోటుబుక్కు వెళ్ళినది వెళ్ళినట్టే ఖాళీగా తిరిగొచ్చింది. ఒకరికి ఈత, ఒకరికి క్రికెట్, ఒకరికి వరుసగా రెండు వారాలూ ఒకే స్నేహితుడి పుట్టినరోజు. ఆ హాలుకు ఒక నియమం ఉంది: వరుసగా మూడు వారాలు పదిమంది కంటే తగ్గితే ఆ గంట ఇంకొకరికి ఇచ్చేస్తారు. జుంబా డాన్సు వాళ్ళు అప్పటికే కిటికీలోంచి గది కొలతలు చూసుకుంటున్నారు. వేరే హాలు కోసం ఊరంతా అడిగి చూశాం, దొరకలేదు. అది పోతే బడి మూతే. వదిన తుడిచిన బోర్డునే మళ్ళీ తుడిచింది. ఇంటికొస్తుంటే కారు వెనక సీట్లోంచి ఆవిడ కూతురు చెప్పింది. అప్పుడు దానికి పదకొండేళ్ళు.

"అత్తా, నువ్వు వాణ్ని ఫిక్స్ చేసేశావ్. వన్ టైమే చచ్చిపోతే నెక్స్ట్ సండే మేమెందుకు రావాలి?"

గోదాములో ఎవరూ నాకంత సూటిగా తప్పు చూపించలేదు.

ఆ వారం నోటుబుక్కు నేనే తెచ్చుకున్నాను. "ఢంకాసురుడు మళ్ళీ లేచాడు" అని రాశాను. ఎలాగో రాయలేదు. చెవులు మూడు పెట్టాను. కూలిన వంతెనలు ఆరు గీసి, కింద "ఐదు" అని వేశాను. తప్పని తెలిసి అంకె వేయడం జీవితంలో అదే మొదటిసారి. పెన్ను రెండుసార్లు ఆగింది. చివర వాణ్ని చంపకుండా వదిలేశాను. ఆ పేజీ ఫొటోను తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, వీణ్ని చంపడం నా వల్ల కాలేదు, ఆదివారం వచ్చి మీరే చంపండని పిల్లలకు కబురు పంపాను.

ఆ ఆదివారం కూడా తగ్గితే అది మూడోది. పది గంటలకు ఎనిమిది మంది. పదీ పదికి ఈతకొలను నుంచి తడిజుట్టుతో ఒకమ్మాయి. తొమ్మిది. అందరూ నా మీద పడ్డారు. "ఆంటీ, సిక్స్ ఉన్నాయి. మీకు కౌంటింగ్ రాదా?" ఆ ప్రశ్న నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు, తర్వాతా అడగలేదు. ఇంతలో హాలు చూసుకునే పెద్దాయన హాజరు కాగితం కోసం తలుపు దగ్గర నిలబడ్డాడు. పది దాటి పావుగంట అయింది. ఇంకెవరూ వచ్చేలా లేరు. తొమ్మిది పేర్ల కింద నేను పదో పేరు రాసి వదినకిచ్చాను. ఆవిడ పిలుచుకుంటూ వచ్చి, చివరి పేరు దగ్గర కళ్ళజోడు సర్దుకుని, నా వంక ఒక్కసారి చూసి, ఎప్పటి గొంతుతోనే పిలిచింది.

"ఢంకాసురుడు."

వెనక వరుసలోంచి మేనకోడలు, హాజరు పిలిస్తే ఏనాడూ "ప్రెజెంట్" తప్ప ఇంకో మాట అనని పిల్ల, గొంతు బొంగురు చేసి పలికింది.

"వచ్చాను టీచర్. ఒక చెవి ఇంట్లో మర్చిపోయాను."

పెద్దాయన పేర్లు లెక్కపెట్టుకుని, పది ఉన్నాయని తల ఊపి వెళ్ళిపోయాడు. తలలు లెక్కపెట్టలేదు, ఆయన నాలాంటి మనిషి కాదు. ఆ పూట తొమ్మిదిమందీ కలిసి, అదే పేజీలో, ఢంకాసురుణ్ణి ఆరో వంతెన మీంచి తోసి చంపారు. పై ఆదివారానికి పన్నెండు మంది వచ్చారు.

బడి ఇంకో రెండేళ్ళు నడిచి, వదిన వాళ్ళు పెర్త్‌లోని హారిస్‌డేల్‌కు మారిపోవడంతో ఆగింది. ఆఖరి పేజీ మేనకోడలిదే. అందులో ఢంకాసురుడు చందమామను సూట్‌కేసులో పెట్టుకుని విమానం ఎక్కబోతాడు. సామాను బరువు ఎక్కువై, కౌంటరు దగ్గరే గుండె ఆగి చస్తాడు. ఇప్పుడా పిల్ల యూనివర్సిటీకి వెళ్తోంది.

అట్టపెట్టె మీద కూర్చునే చివరి లెక్క కూడా వేశాను. పేజీలు నూట పద్దెనిమిది. ప్రతి పేజీ చివర ఒక చావు. మొదటిది తప్ప ప్రతి పేజీ మొదట్లో ఒక లేవడం. చావులు నూట పద్దెనిమిది, లేవడాలు నూట పదిహేడు. ఆ రోజుల్లోనూ ప్రతి ఆదివారం మధ్యాహ్నానికి ఈ ఒక్క తేడా ఉండేది, ఏడు రోజులు ఆగితే తీరిపోయేది. ఇప్పుడు ఎనిమిదేళ్ళయింది. ఆఖరి పేజీని, దాని పక్కనున్న ఖాళీ పేజీని కలిపి ఫొటో తీసి మేనకోడలికి పంపాను. పెర్త్ గడియారం మాకంటే వెనక నడుస్తుంది. మాకు గడిచిపోయిన పొద్దు అక్కడింకా రావలసే ఉంటుంది. ఆ పిల్ల వాణ్ని మళ్ళీ లేపేంతవరకూ బాకీ: ఒకటి.