మావయ్యగారి ఖాతా మూసేసిన వారం

మా ఫోరానికి నియమాలు కావాలని మాకు తెలిసొచ్చింది, పోయాడని అందరూ ఏడ్చిన ఒక మాస్టారు నడుచుకుంటూ నెట్ షాపులోకి వచ్చిన రోజున.

సునామీ తర్వాతి తొలి వారాల సంగతి అది. పోర్ట్ బ్లెయర్‌లో మా ఇల్లు డిగ్నాబాద్‌లో, కాస్త ఎత్తు మీద. భూమి ఊగినప్పుడు గోడలు బీటలిచ్చాయి గాని నీళ్ళు మాదాకా రాలేదు. దక్షిణాన కార్ నికోబార్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ళు ఏమయ్యారో మాత్రం ఎవరికీ తెలియదు. అక్కడికి ఫోన్లు కలవవు. శ్రీకాకుళంలో, విజయనగరంలో ఉన్న వాళ్ళ తల్లిదండ్రులు ఎవరిని అడగాలో తెలియక, పోర్ట్ బ్లెయర్‌లో తమకు తెలిసిన ప్రతి తెలుగువాడికీ ఫోన్ చేస్తున్నారు.

అప్పుడే, ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే యువకుడు ఇంటర్నెట్‌లో ఒక తెలుగు ఫోరం మొదలుపెట్టాడు. మధ్య అండమాన్‌లోని రంగత్‌లో పుట్టి పెరిగినవాడు. ఇక్కడి అలవాటు ప్రకారం చిన్నా పెద్దా అందరికీ అతను భయ్యా. ఆంధ్ర నుంచి ఎవరైనా ఫలానావారి జాడ తెలుసా అని అడగొచ్చు, ఇక్కణ్ణుంచి తెలిసినవాళ్ళు జవాబు రాయొచ్చు. స్కూల్లో తెలుగు చెప్పేదాన్నని నన్ను తోడు పిలిచాడు. మూడో మనిషి మా వీధి చివర ఉండే నర్సుదీదీ. పగలంతా సునామీ బాధితుల శిబిరంలో రోగులకు కట్లు కట్టేది, ఆదివారం తెలుగు చర్చిలో పాటలు పాడేది. ఆవిడ గొంతు కొండ దిగువకు కూడా వినిపించేదని చెప్పుకునేవారు.

నెట్ చాలా నెమ్మది. పేజీ తెరవమని చెప్పి వెళ్ళి కుక్కర్ పెట్టుకుని రావచ్చు. అయినా జనం రాశారు. ఒకరోజు ఎవరో, కార్ నికోబార్‌లో పనిచేసే ఒక మాస్టారి గురించి రాశారు: "ఆయన పోయారంట." అంతే, ఒక్క వాక్యం. దాని కింద పాతికమంది సంతాపం. బొబ్బిలి దగ్గర ఊళ్ళో ఆయన భార్యకు ఆ మాట ఎవరో చదివి వినిపించారు.

నాలుగు రోజులకు ఆ మాస్టారు ఓడ దిగాడు. మాసిన గడ్డం, ఎవరో ఇచ్చిన లుంగీ. జెట్టీలోనే ఒకాయన ఈయన్ని చూసి వెనక్కి పడబోయాడట. మాస్టారు తిన్నగా భయ్యా కూర్చునే నెట్ షాపుకొచ్చి, తన మీద రాసిన సంతాపాలన్నీ ఓపిగ్గా చదివి, వాటి కింద తనే రాశాడు: "నేను బతికే ఉన్నాను. ఆకలిగా ఉంది, అంతే." ఆ తర్వాత మా ఇంటి నుంచే భార్యకు ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ అరుపు నాక్కూడా వినిపించింది.

"ఏడ్సి ఏడ్సి నా గొంతు పోనాది! ఇప్పుడొచ్చి బతికున్నానంటావేటి? ఇన్నాళ్ళూ ఏటి సేత్తన్నావు?"

"కొబ్బరికాయలు తింటన్నానే," అన్నాడాయన, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ.

ఆయన భోంచేసి వెళ్ళాక మేం ముగ్గురం మా వరండాలో కూర్చున్నాం. ఇలాంటిది మళ్ళీ జరగకూడదు. నియమాలు రాసే పని నాకు అప్పగించారు. నేను బుద్ధిగా కూర్చుని, "సభ్యులు నిర్ధారణ కాని సమాచారమును ప్రచురింపరాదు" అని మొదలుపెట్టి పేజీ నింపాను. నర్సుదీదీ రెండు వాక్యాలు చదివి పక్కన పెట్టేసింది.

"టీచరమ్మా, ఇది చదవాలంటే జనం మళ్ళీ మీ క్లాసులో చేరాల. మన పిల్లలకి తెలుగు మాటాడ్డం వచ్చుగాని, చదవడం వచ్చా?"

"మరెలా రాయమంటావు?"

"నేను శిబిరంలో ఎలా చెప్తానో అలా. చూశావా, రాయి. విన్నావా, ఎవరు చెప్పారో రాయి. చావు కబురైతే ఇంట్లోవాళ్ళకి తెలిసిందాకా నోరు ముయ్యి."

"నోరు ముయ్యి అంటే బాగుండదేమో దీదీ," అన్నాడు భయ్యా.

"ఆగు, అని రాయి."

అలా రాశాం. తెలుగు లిపిలో ఒకసారి, అదే తెలుగు ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి, హిందీలో ఒకసారి. 'అంట' అని రాస్తే ఎవరు అన్నారో కూడా రాయాలి, లేకపోతే ఆ పోస్టు తీసేస్తాం. దానికి తోడు ఇంకో రెండు చేర్చాం. ఒకటి, తిట్టకూడదు. రెండు, ఎవరి మాటతీరునూ ఎగతాళి చెయ్యకూడదు. ఎగతాళి మాట నేనే చేర్చాను. క్లాసులో తెలుగు తప్పు చదివినందుకు నవ్వులపాలైన పిల్లలు మళ్ళీ నోరు విప్పకపోవడం ఏళ్ళ తరబడి చూస్తున్నదాన్ని.

నియమాలను ఫోరం మొదటి పేజీలో పెట్టాం. ఎవరూ చదవలేదు. అందరూ వాటిని దాటుకుని తిన్నగా కబుర్లలోకి వెళ్ళిపోయేవారు. ఇది చూసి నర్సుదీదీ, చర్చిలో ప్రకటనలు చదివే వేళ పాస్టరుగారిని అడిగి ముందుకెళ్ళింది. చూడటానికి నేనూ వెళ్ళాను. ఆవిడ నియమాలను ఒక్కొక్కటే చదువుతుంటే, ముందు వరసలో ఒక ముసలమ్మ ప్రతి దాని చివరా అలవాటు కొద్దీ "ఆమెన్" అంది. మూడో నియమానికల్లా చర్చి అంతా అంది. ఆ వారం నుంచి ఫోరంలో 'ఎవరు చెప్పారో రాయి' అనే మాట జనమే ఒకరికొకరు గుర్తు చేసుకోవడం మొదలైంది.

ఏడాది తిరిగేసరికి శిబిరాలు ఖాళీ అవుతూ వచ్చాయి, ఫోరం మాత్రం నిండింది. పెళ్ళి సంబంధాలు, ఓడ టిక్కెట్ల కబుర్లు, చేపల పులుసులో చింతపండు ఎంత వెయ్యాలన్న వాదాలు. మా మావయ్యగారు కూడా అప్పుడే చేరారు. ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. సర్వీసంతా టైపు మిషను మీద ఆర్డర్లు కొట్టిన వేళ్ళు కంప్యూటరు మీద కూడా అంత జోరుగానూ నడిచేవి. అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలే. అలా రాస్తే అరిచినట్టు ఉంటుందని చెప్పి చూశాను.

"అరవడమేంటమ్మా? స్పష్టంగా కనిపించాలని," అన్నారు.

అంతవరకూ పరవాలేదు. ఫెరార్‌గంజ్ నుంచి ఒక అమ్మాయి రాసిన పోస్టుతో చిక్కొచ్చింది. ఇంటరు చదువుతోంది, తెలుగు రాయడం రాదు. పాలకొండలో ఉన్న అమ్మమ్మకు ఉత్తరం పంపాలని, ఎవరైనా తెలుగు లిపిలో రాసిపెట్టమని అడిగింది. ఇంగ్లీషు అక్షరాల్లో తన మాటలు ఇలా పెట్టింది: "అమ్మమ్మా, నీ తబియత్ ఎలా ఉంది? ఇధర్ మేం అందరం ఠీక్ ఉన్నాం. గర్మీ ఛుట్టీలో వస్తాం. నువ్వు రోవద్దు." ఎండాకాలం సెలవుల్లో వస్తాం, ఏడవొద్దు అని చెప్పడం.

దాని కింద మా మావయ్యగారు పెద్దక్షరాల్లో రాశారు: "ఇది తెలుగు కాదు. ఖిచిడీ. ముందు భాష నేర్చుకుని రా."

మర్నాటికి ఆ అమ్మాయి పోస్టు లేదు. తనే తీసేసుకుంది. అలాంటి తెలుగే రాసే మరో నలుగురైదుగురు కూడా ఆ వారం నోరు మెదపలేదు. ఫోరంలో వాళ్ళ సందడి ఆగిపోవడం మాకు వెంటనే తెలిసింది.

మా ముగ్గురి సమావేశంలో భయ్యా చేతులెత్తేశాడు. "మా నాన్నకి ఆయన పైఆఫీసరు టీచర్‌జీ. ఆయన్ని నేనెలా ఆపుతాను? నాన్న నన్ను ఇంట్లోకి రానీడు."

"నేనుండేది ఆయనింట్లోనే, మరి నేనెక్కడికి వెళ్ళను?" అన్నాను.

నర్సుదీదీ ఒక్కటే అడిగింది. "ఆయన కాక ఇంకెవరైనా అలా రాసుంటే ఏం చేసేవాళ్ళం?"

ఖాతా వారం రోజులు మూసేసేవాళ్ళం. మూసేశాం.

మర్నాడు పొద్దున్న కాఫీ తాగి కంప్యూటరు ముందు కూర్చున్న మావయ్యగారు కేకేశారు. "అమ్మాయ్, నెట్ పాడైనట్టుంది. లోపలికి రానివ్వడం లేదు."

"నెట్ బాగానే ఉంది మావయ్యగారూ. మీ ఖాతా మూశాం. వారం పాటు."

"ఎవరు?"

"మేమే."

"మేమంటే?"

"నేను కూడా."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. లోపల్నుంచి అత్తయ్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. విషయం విని గుమ్మం పట్టుకుని నవ్వింది. "సర్వీసంతా ఒక్క మెమో లేకుండా గడిపారు. రిటైరయ్యాక సస్పెన్షనా!"

"మెమో!" మావయ్యగారు కుర్చీలోంచి లేచారు. "అదే అడుగుతున్నాను. మెమో ఏది? సంజాయిషీ అడిగారా? అటెండరు ఆలస్యంగా వచ్చినా, ఎందుకొచ్చావయ్యా అని ముందు అడిగేవాణ్ణి. నన్నొక మాట అడక్కుండా తలుపు మూసేస్తారా? ఏ రూలు ప్రకారం?"

అలాంటి నియమం మేం రాసుకోలేదు. పోస్టు ఎప్పుడు తీసేయాలో రాసుకున్నాం గాని, మనిషిని బయట నిలబెట్టే ముందు ఆ మనిషి మాట వినాలని మాకు తోచనే లేదు.

ఆ సాయంత్రం ముగ్గురం కలిసి ఆయన్నే వరండాలోకి పిలిచాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నారు. భయ్యా కూర్చోకుండా స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డాడు.

"అంకుల్, మీరన్నది న్యాయమే," అంది నర్సుదీదీ. "ముందు అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాం. ఆ పిల్లని ఎందుకలా అన్నారు?"

"భాష పాడైపోతోందని చెప్పాను. అది తప్పా?"

"ఆ పిల్ల అమ్మమ్మకి ఉత్తరం అడిగింది అంకుల్. మీరు మార్కులేశారు."

ఆయన ఏదో అనబోయారు. ఈలోగా కిటికీలోంచి అత్తయ్య గొంతు వచ్చింది. "ఈయన తెలుగు నేను చెప్పనా? పొద్దున్న లేస్తూనే, 'చాయ్ జల్దీ లావ్, పేపర్ కిధర్ ఉంది' అన్నారు. నిన్న చేపలవాడితో, 'తాజా మాల్ ఉంటేనే దే' అన్నారు. అది ఏ భాషండీ?"

భయ్యా మొహం పక్కకి తిప్పుకున్నాడు గాని భుజాలు ఊగుతున్నాయి. ముందు నర్సుదీదీ, తర్వాత నేను పగలబడి నవ్వాం. మావయ్యగారు కాసేపు బిగదీసుకుని కూర్చున్నారు. పెదవి మీద మీసం కదిలింది. "చేపలవాడు బెంగాలీ కదా," అని, ఆ మాట తనకే నిలబడేలా లేదనిపించి, ఆయనా నవ్వేశారు.

ఆ పూటే కొత్త నియమం చేర్చాం. ఎవరి ఖాతా అయినా మూసేముందు, విడిగా రాసి, నువ్వేమంటావని అడగాలి. వాళ్ళు చెప్పింది విని, మన కారణం వాళ్ళకి చెప్పాలి. మావయ్యగారి వారం మాత్రం తగ్గించలేదు. తగ్గించమని ఆయనా అడగలేదు.

అడిగింది ఇంకొకటి. ఆ అమ్మాయి ఇల్లెక్కడో చెప్పమన్నారు. భయ్యా ముందుగా వాళ్ళ ఇంట్లో అడిగి, రమ్మన్నాకే చెప్పాడు. ఆదివారం నేనూ ఆయనా ఫెరార్‌గంజ్ బస్సెక్కాం. పోకచెట్ల మధ్య చిన్న ఇల్లు. వాకిట్లో ఆ అమ్మాయి, వెనక తల్లి.

"ఖిచిడీ అన్నవాణ్ణి నేనేనమ్మా," అన్నారు మావయ్యగారు నిలబడే. "అనకుండా ఉండాల్సింది. నీ ఉత్తరం నేను రాసిపెడతాను. పోస్టు మళ్ళీ పెట్టు."

ఆ అమ్మాయి తల్లి వైపు చూసి, నెమ్మదిగా అంది. "మీ ఖాతా బంద్ ఉంది కదా తాతగారూ?"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన తల ఊపారు. "బందే. చేత్తో రాస్తాను. కాగితం తే."

అరుగు మీద కూర్చుని రాశారు. ఆ అమ్మాయి చెబుతోంది, ఆయన గుండ్రటి అక్షరాలతో పెడుతున్నారు. 'తబియత్' దగ్గర కలం ఆగింది. "ఆరోగ్యం అని రాద్దామా తల్లీ?"

"వద్దు తాతగారూ. అలా రాస్తే నేను రాశానని అమ్మమ్మ నమ్మదు. మాస్టర్‌జీ ఎవరో రాశారంటుంది."

ఆయన ఒక క్షణం ఆ పిల్ల మొహం చూసి, 'తబియత్' అనే రాశారు. 'రోవద్దు' కూడా అలాగే ఉంచారు. ఆ తల్లి మాకు మధ్యాహ్నం భోజనం పెట్టి పంపింది. పప్పు, వంకాయ, ఎండు చేపలు. ఖిచిడీ పెట్టనందుకు మావయ్యగారు ఆవిడకు ప్రత్యేకంగా థాంక్స్ చెప్పారు.

నెల తిరిగేలోగా పాలకొండ నుంచి జవాబొచ్చింది. అమ్మమ్మ, ఎవరిచేతనో చదివించుకోకుండా తనే చదువుకుందట. ఆ సంగతి ఆ అమ్మాయి ఫోరంలో పెట్టేసరికి, మాకూ రాసిపెట్టండని మరో ఇద్దరు అడిగారు, తర్వాత పదిమంది. మావయ్యగారు అందరికీ రాసేవారు. వాళ్ళ మాట వాళ్ళదే, అక్షరాలు మాత్రం ఆయనవి. కొన్నాళ్ళకు వాళ్ళలో కొందరు తెలుగు అక్షరాలు చూసి చూసి తామే రాయడం మొదలుపెట్టారు. తప్పులుండేవి. ఆయన దిద్దేవారు కాదు, అడిగితే తప్ప.

ఆ తర్వాత భయ్యాకు మాయాబందర్ బదిలీ అయినప్పుడు, అతని స్థానంలోకి ఎవరిని తీసుకుందామని నర్సుదీదీ అడిగితే, నాకంటే ముందు అత్తయ్యే మావయ్యగారి పేరు చెప్పింది. ఫోరం నడిచినంతకాలం ఆయన మోడరేటరుగా ఉన్నారు. ఆయన హయాంలో ఒక్క ఖాతా కూడా మూయలేదు. ఎవరైనా తప్పు రాస్తే, సంజాయిషీ కోరుతూ వాళ్ళకి విడిగా మెమో పంపేవారు. నియమం ఏమిటి, అది ఎందుకు పెట్టుకున్నాం, తమరు రాసినది దానికి ఎలా విరుద్ధం, తమ వాదన ఏమిటి, అంటూ పేజీలు పేజీలు. ఆ నెమ్మది నెట్‌లో అది సగం తెరుచుకునేసరికే జనం క్షమాపణ రాసి పంపేవారు.

"చూశావా అమ్మాయ్, మనవాళ్ళెంత మర్యాదస్తులో," అనేవారు ఆయన. మిగతా సగం ఎవరూ చదవలేదని నేనెప్పుడూ చెప్పలేదు.