ఆ రికార్డు మీద సంతకం

ముందుగా నిశ్చయమైనవి. ఒక కాలేజీ ఫిజిక్స్ లాబ్‌లో నేను డెమాన్‌స్ట్రేటరుగా ఉన్నాను. అక్కడ ఒక విద్యార్థిని తీసిన రీడింగులను నా కళ్లతో చూశాను. ప్రాక్టికల్ పరీక్షకు వచ్చిన ఎగ్జామినరు ఆమె రికార్డును మెచ్చుకున్నాడన్నది మాత్రం విన్నమాట. ఆ సమయానికి నేను గదిలో లేను.

ఎనభైల్లో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో రికార్డు అంటే పొలం ఎవరిదో తేల్చేది. “రికార్డులో ఎక్కిందా?” అని అడిగాకే రైతు బేరంలోకి దిగేవాడు. ఆ రైతు పిల్లలు కాలేజీకి వచ్చేసరికి రికార్డు అంటే అట్ట వేసిన ప్రయోగాల పుస్తకం. పుస్తకంలోని జవాబు ముందు రాసుకుని, దానికి సరిపడే రీడింగులను వెనక్కి లెక్కగట్టేవారు. అందులో మోసం ఉందని వాళ్లు అనుకోలేదు. రికార్డు రాయడమంటే అదేనని పై తరగతివాళ్లు నేర్పారు.

ఆమె మిరప రైతు కూతురు. ఈసారి ప్రాక్టికల్స్ పోతే చదువు మాన్పిస్తానని తండ్రి చెప్పేశాడు. రికార్డు మీద సంతకం లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ రోజు పక్క వీధి మిర్చి కొట్ల ఘాటుకు కిటికీలు మూసుకుని పనిచేస్తున్నాం. భూమి అయస్కాంత బలాన్ని కొలిచే ప్రయోగం అది. ఆమె బల్ల మీద అయస్కాంత సూచి అందరికంటే తక్కువగా తిరిగింది.

“ఒసేయ్, భూమి నీ ఒక్కదానితోనే పేచీ పెట్టుకుందా? నాది చూసి రాసుకో,” అంది పక్క బల్ల స్నేహితురాలు.

“నీది నువ్వు చూశావా, మీ అక్క చూసిందా?”

“మా అక్క కూడా చూళ్లేదులేవే!”

నవ్వులు విని మా హెడ్డుగారు వచ్చారు. “కొట్టేసి మళ్లీ రాయమ్మా. సంతకం పెట్టాల్సింది నేను.”

“మాస్టారూ, మీరొకసారి చూడండి. మీకు వేరుగా వస్తే కొట్టేస్తాను.”

దగ్గర్లోని ఇనుమేదీ సూచిని లాగకుండా ఆయన చేతి గడియారం విప్పి నాకిచ్చి, ఇనుప స్టూళ్లను బయట పెట్టించి, సూచి కింది అద్దంలోకి వంగి చూశారు. అవే కోణాలు. పరికరాన్ని పక్క బల్లకు మార్చాం. పుస్తకంలోని విలువే వచ్చింది. తిరిగి ఆమె బల్ల మీద పెడితే మళ్లీ ఆమె కోణాలే.

ఆమె రాసిన దాని కింద “నేనూ చూశాను, ఇదే వచ్చింది” అని రాసి ఆయన సంతకం చేశారు. చూసింది రాయడం, రాసింది మరొకరు వచ్చి చూసుకునేలా ఉంచడం: రికార్డు అనే మాటకు అంతకన్నా మంచి అర్థం నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు. చదువును పణంగా పెట్టి ఆ అమ్మాయి, సంకోచాన్ని పక్కన పెట్టి ఆయన, ఇద్దరూ దాన్ని నిలబెట్టారు. ఆమె పాసైంది, నోటీసు బోర్డు మీద ఆమె నంబరును నేనే చూశాను.

ఆ బల్ల దగ్గర సూచిని ఏది లాగిందో మాత్రం తేలలేదు. గచ్చు కింద ఇనుప కమ్మీలున్నాయని నా అనుమానం. అనుమానం రుజువు కాదు. తవ్వి చూడడానికి కాలేజీ ఒప్పుకోలేదు.