రేగాకు వేసిన నీళ్ళు

మా పెద్దమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దున మిరప కల్లంలో తొడిమలు తీస్తూ, పక్కనున్నామెతో ఏదో చెబుతూ చెబుతూనే ఒరిగిపోయిందట. గుంటూరులో నేను మొదటి పీరియడ్‌కు క్లాసులోకి వెళ్ళబోతుంటే ఆమె కోడలు ఫోన్ చేసింది.

"అత్తమ్మ పోయింది వదినా. నువ్వొచ్చేదాకా ఎవర్నీ కడగనీయొద్దని ఎప్పుడో చెప్పిపెట్టింది. తొందరగా బయల్దేరు."

మార్టూరు వైపు బస్సెక్కాను. మనసులో ఉన్నది అంతా దుఃఖమేనని రాస్తే బాగుంటుంది గానీ, సగం భయం.

మా ఊళ్ళో ముస్లిం ఆడవాళ్ళు ఎవరు పోయినా, ఖననానికి ముందు ఆఖరి స్నానం చేయించేది మా పెద్దమ్మే. అమ్మకు అక్క. మావి ఒకప్పుడు దూది ఏకిన కుటుంబాలు. ఇంట్లో తెలుగే. ఆమెకు వచ్చిన అరబ్బీ అంతా నమాజులో చదివే నాలుగు సూరాలు. నేను చరిత్ర చదువుకుని, చరిత్ర పాఠం చెప్పి బతుకుతున్నదాన్ని. మా మతంలో ఏ ఆలోచన ఎక్కడ పుట్టింది, ఎవరు ఎవరితో వాదించారు అని గంటసేపు చెప్పగలను. నమాజు వేళకు మాత్రం లేవాలా వద్దా అని నాలో నేనే తర్కించుకుంటాను.

ఎవరో పోయారని కబురు వచ్చేసరికి పెద్దమ్మ ఎక్కువగా మిరపకాయల రాశి ముందే ఉండేది. లేచి, చేతులకు ఆముదం పట్టించి, శెనగపిండితో రుద్ది కడుక్కునేది. ఆ తర్వాత చూపుడువేలు తన కంటిరెప్పకు ఆనించి చూసుకునేది. మండితే మళ్ళీ ఆముదం, మళ్ళీ శెనగపిండి. మంట పోయిందని తేలాకే గడప దాటేది. చేలగట్టు మీది రేగుచెట్టు నుంచి ఆకు దూసి తీసుకెళ్ళి నీళ్ళలో వేసి కాచేది. ఆ నీళ్ళు మోచేతి మీద పోసుకుని చూసేది, పురిటిబిడ్డకు పోసేముందు చూసినట్టు.

ఒకసారి మసీదు పెద్దలు శవస్నానాల గదికి నున్నటి గ్రానైటు పలక తెప్పించారు. పాత వేపచెక్క బల్ల తీసేద్దామన్నారు. పెద్దమ్మ వెళ్ళి పలక మీద అరచెయ్యి పెట్టి చూసింది.

"మగోళ్ళకి వాడుకోండి. ఆడోళ్ళకి నా బల్ల నాకుండాల. ఈ రాయి జిల్లుమంటంది."

"చచ్చినోళ్ళకి చలేంది పెద్దమ్మా?" అని నవ్వాడు మా అన్న వరసాయన ఒకడు.

"నువ్వు చచ్చి చూసొచ్చావా ఏందిరా?"

అంతే. బల్ల ఉండిపోయింది.

పదిహేనేళ్ళ కిందట అమ్మ పోయినప్పుడు, ఇంటి వెనక చీరలు అడ్డం కట్టి, ఆ బల్ల మీదే స్నానం చేయించారు. నేను చీరకు ఇవతల నిలబడ్డాను. "లోపలికి రావే" అని పెద్దమ్మ రెండుసార్లు పిలిచింది. వెళ్ళలేదు. నమ్మకం లేని చేతులతో ముట్టుకుంటే అబద్ధమవుతుందని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. పిరికితనానికి అంత పెద్ద మాట అవసరమా అని ఇప్పుడనిపిస్తుంది. రెండూ ఉన్నాయేమో. అన్నీ అయ్యాక ఆమె తడిచేతులతోనే బయటికొచ్చి నా తల నిమిరి, "వెచ్చగానే పోశాలే" అంది.

అమ్మ ఆఖరి ఏడాది ఏదో జబ్బు దాచింది. ఎంత బాధపడిందో తెలుసుకోవాలని చాలాసార్లు అడిగాను.

"అమ్మ ఒంటి మీద ఏం చూశావు పెద్దమ్మా?"

"నీళ్ళు చూశా."

కోపం వచ్చేది. కడిగినవాళ్ళు చూసింది బయటపెట్టకూడదన్నది ధర్మమని పుస్తకాల్లో నేనూ చదివాను. కానీ కూతురు ఏడుస్తూ అడుగుతున్నా దాన్ని నిలుపుకోవడం ఎంత కష్టమో పుస్తకం చెప్పలేదు.

తర్వాత సెలవులకు వచ్చినప్పుడు రెండు మూడు సార్లు నన్ను సాయానికి తీసుకెళ్ళింది. నీళ్ళు అందించడమే నా పని. ఒకసారి ఓ ముసలమ్మ జుట్టు చిక్కుపడి ఉంటే, తోచక దువ్వెన తీశాను. చేతి మీద ఒక్కటిచ్చింది.

"దువ్వెన పెడితే వెంట్రుకలు ఊడిరావా? వేళ్ళతో నెమ్మదిగా రెండు పాయలు తీసి గుండెల మీద వెయ్యి."

ఆ రోజు ఇంటికి వస్తూ నా పాండిత్యం కాస్త చూపించాను. ఇలాంటి పనిని ఫర్జె కిఫాయా అంటారనీ, ఒకరు చేస్తే అందరి బాధ్యతా తీరుతుందనీ, ఎవరూ చేయకపోతే ఊరంతా దోషేననీ చెప్పాను. ఓపిగ్గా విన్నది.

"పేరు తెలీదు గానీ, ఒకళ్ళు వంగితే పదిమంది నడుములు నిలబడతయ్. అదేగా?"

అదే. అప్పుడే అడిగింది, నడుస్తూనే, నా వైపు చూడకుండా. "నన్ను మాత్రం నువ్వే కడగాలి."

"నాకు నమ్మకం ఒకచోట నిలవదు పెద్దమ్మా. ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. నేను తగనేమో."

"నమ్మకంతో కడుగుతావా ఏందే, నీళ్ళతో కడుగుతావు. చెయ్యి మెత్తగా ఉందా లేదా, అది చూసుకో."

ఒప్పుకున్నానో లేదో ఆమెకు చెప్పలేదు. చెప్పకుండానే ఏళ్ళు గడిచాయి.

మంగళవారం నేను వెళ్ళేసరికి పెరట్లో చీరలు కట్టి ఉన్నాయి. బల్ల వేసి ఉంది. పొయ్యి మీద నీళ్ళలో రేగాకులు తిరుగుతున్నాయి. పదిహేనేళ్ళ కిందట నిలబడ్డట్టే చీరకు ఇవతల నిలబడ్డాను. ఈసారి లోపలి నుంచి ఎవరూ పిలవలేదు. పిలిచే మనిషి బల్ల మీద ఉంది.

వెళ్ళాను. నీళ్ళు మోచేతి మీద పోసుకుని చూశాను. వేడిగా ఉంటే చన్నీళ్ళు కలపమన్నాను. ఒంటి మీద దుప్పటి కప్పి ఉంచే, కుడివైపు నుంచి మొదలుపెట్టాను. మూడుసార్లు పోశాం, ఆఖరుసారి కర్పూరం కలిపి. కోడలు నీళ్ళు అందిస్తూ ఏడుస్తోంది. నేను చేతివేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని, గోళ్ళ సందుల్లో ఎర్రగా పట్టేసిన మిరప రంగును నెమ్మదిగా రుద్దాను. జుట్టు రెండు పాయలు తీసి గుండెల మీద వేశాను. ఆ కాసేపు నాకు నమ్మకం ఉందో లేదో చూసుకోవడానికి తీరిక దొరకలేదు. దొరికి ఉంటే ఏం తేలి ఉండేదో ఇప్పటికీ తెలియదు.

బయటికి రాగానే పెద్దమ్మ కూతురు నా భుజాలు పట్టుకుంది. చీరాల నుంచి అప్పుడే వచ్చింది.

"అమ్మ ఒంటి మీద ఏమన్నా దెబ్బ తగిలిందా అక్కా? పడ్డప్పుడు నొప్పి పడిందా? ఏం చూశావు?"

ఆ గొంతు నాదే. ఆ ప్రశ్న నాదే. దానికి జవాబు ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

"నీళ్ళు చూశానమ్మా. వెచ్చగానే పోశాం."

సాయంత్రం తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. దారి పొడవునా కల్లాల్లో ఎర్రటి మిరపకాయలు పరిచి ఉన్నాయి. అప్పటిదాకా రాని ఏడుపు అక్కడ వచ్చింది. చేత్తో కళ్ళు తుడుచుకున్నాను.

కుడి కంటిరెప్ప భగ్గున మండింది.