వెనక సీటు మేస్త్రి

గ్యారేజీలో అతన్ని వెనక సీటు మేస్త్రి అంటారు. బండి లాగడం లేదని ఎవరొచ్చినా ముందు పానా ముట్టడు. బండిగలాయన్నే నడపమని, తను వెనకెక్కి కూర్చుని ఒక రౌండు తిప్పిస్తాడు. నిన్న సొంత అక్క మొగుడే వచ్చాడు. "ఎత్తు ఎక్కట్లేదురా. ఇంజను పనైపోయింది, అమ్మేస్తాను." ఇద్దరూ ఒక రౌండు వెళ్లొచ్చారు. దిగగానే మేస్త్రి, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు తాకినట్టు, వెనక చక్రం మధ్యన చెయ్యి పెట్టి చూశాడు. కాలిపోతోంది. కిందటేడు జారిపడ్డప్పటి నుంచి బావ పాదం బ్రేకు మీంచి లేవడమే లేదు. ఆ మాట నలుగురిలో అనలేక, కార్బురేటర్ విప్పి, ఉఫ్ మని ఊది బిగించాడు. పనిలో పనిగా, పాదం ఆనినా బ్రేకు పట్టకుండా పెడల్‌ను వేలి మందం కిందికి దించాడు. "చిన్న నలక అడ్డుపడింది బావా, అంతే." బండి ఎత్తెక్కి కనుమరుగయ్యేదాకా చెవి రిక్కించి నిలబడ్డాడు. చప్పుడు ఎక్కడా తడబడలేదు.