నికాసియా పేనిన పది బారలు

ముప్పై ఒక్క ఏళ్ళుగా చక్యాపంపా ఊరు నికాసియా హుయిల్కా పేనిన గడ్డితాడు మీద నడిచి నది దాటుతోంది. ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ తాడును ఆమె పేరుతో పిలిచిన గొంతు ఒక్కటీ లేదు. ఆమె అడగలేదు. అడగాలని ఎవరూ ఆమెకు నేర్పలేదు.

ఏటా జూన్‌లో పాత వంతెనను కోసి నదిలో వదిలేసి, మూడు రోజుల్లో కొత్తది అల్లుతారు. ఇంటికి నలభై బారల తాడు. కొండగడ్డి కోసి, తడిపి, రాతిమీద దంచి, అరచేతుల మధ్య పేనేది ఆడవాళ్ళు. ఒడ్డున నిలబడి అందించేది మగవాళ్ళు. అందించేటప్పుడు లినో అనే మనిషి తాడు ఇచ్చినవాడి ఇంటిపేరూ సొంతపేరూ లోయంతా మారుమోగేలా కేక వేస్తాడు. కేకలో వినబడిన మనిషిని కొండదేవరలు ఏడాది పొడుగునా కాస్తారు. నికాసియా మొగుడు బతికున్నన్నాళ్ళూ అతని పేరు కేక వేశారు. అతను పోయాక ఈ తొమ్మిదేళ్ళూ ఆమె తాడు తమ్ముడు సబీనో చుట్టలో కలిసిపోయింది.

"హుయిల్కా సబీనో, ఎనభై బారలు!"

ఆ కేక ఆమెకు కొండ మీద, నల్లరాయి ఇవతల, వంటపొయ్యి దగ్గర వినబడేది. అల్లే రోజుల్లో నల్లరాయి దాటి ఆడది వంతెన వైపు దిగకూడదు. నది ఆడది, ఇంకో ఆడదాన్ని చూస్తే ఓర్వలేక వంతెన తెంపేస్తుందని పెద్దలంటారు.

"ఐతే నదికీ నాకూ ఒకటే జబ్బు" అనేది నికాసియా. పక్కనున్న ఆడవాళ్ళు నవ్వేవారు. ఆమె మాత్రం నవ్వేది కాదు.

ఆ జబ్బు చిన్ననాటిది. వాళ్ళ నాన్న మెల్చోర్ వంతెన మేస్త్రి. పిల్లలిద్దరినీ అరుగు మీద కూచోబెట్టి పేనడం నేర్పాడు. సబీనో పేనింది ఎండిన పేగులా ఉండేది. నాన్న దాన్ని బరువులు మోసే లామా జంతువును కట్టేయడానికి విసిరేసేవాడు. నికాసియా తాడును మాత్రం కళ్ళు మూసుకుని వేళ్ళ మధ్య జారనిచ్చి, "ఇది నా పెద్దపిల్లది" అనేవాడు. అదే నాన్న పోతూ పోతూ మేస్త్రి పని సబీనోకి అప్పజెప్పాడు. సబీనోకి అప్పుడు ఇరవై రెండేళ్ళు, ఎత్తు చూస్తే కళ్ళు తిరిగేవి. నికాసియా పెద్దది. ఏం లాభం?

అప్పట్నుంచీ ఆమెకు తమ్ముడి దగ్గర ప్రతిదీ కంటగింపే. పండుగనాడు అతను పెట్టుకునే రిబ్బన్ల టోపీ, అతని ముందుకు మొదట జరిపే మొక్కజొన్న కల్లు ముంత, పులుసులో అతనికి పడే పెద్ద మాంసం ముక్క. చివరికి అతని కాళ్ళకంటిన అవతలి ఒడ్డు బురద చూసినా ఆమెకు కడుపు మండేది.

ఈ ఏడు మే నెలలో రాజధాని నుంచి కెమెరాలతో నలుగురు వచ్చారు. మేకు లేదు, ఇనుము లేదు, ఉత్త గడ్డితో ఇన్ని వందల ఏళ్ళుగా లోయ దాటుతున్నారు, ఇన్కా రాజుల నాటి పనితనం అంటూ ఆశ్చర్యపోయారు. మేస్త్రి చేతులు తాడు పేనుతుంటే తీయాలన్నారు.

సబీనో తన అక్క వాకిట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, ఒక్క రెండు బారలు మొదలెట్టి ఇయ్యవే. నా చేత్తో ఐతే గడ్డి నిలబడి చస్తుందా?"

"ఇన్కా రాజుల మనవడివి కదరా, వాళ్ళనే అడుగు."

"అబ్బా, వాళ్ళు మా వాకిట్లో నిలబడున్నారు. పరువు తీయకే."

ఆమె పేనింది. అతను ఆ కొస పట్టుకుని ఊరికే అరచేతులు ఆడించాడు. వాళ్ళు బొమ్మ తీసుకున్నారు. రెండు వారాలకు ఆ బొమ్మ పెద్దదై బడి గోడకెక్కింది. సబీనో చేతులు, వాటి మధ్య ఆమె తాడు. కింద 'ఇన్కాల వారసుడు' అని అక్షరాలు. నికాసియాకు చదువు రాదు. బడిపిల్ల ఒకతె చదివి వినిపించింది. ఆ అక్షరాలు వినక ముందే తన తాడును తను గుర్తుపట్టింది.

ఆ సాయంత్రం తన నలభైలో మిగిలిన పది బారలూ ఆమె ఎడమ పురితో పేనింది.

ఊళ్ళో తాడంతా కుడి పురే. శవం చేతులకు కట్టే దారమొక్కటే ఎడమకు తిప్పుతారు. కుడి పురి తాళ్ళన్నీ కలిపి మోకు పేనితే ఒకదాన్నొకటి కరుచుకుని బరువు పంచుకుంటాయి. ఎడమ పురిది మాత్రం తిప్పిన కొద్దీ బిగిసి, కురచై, బరువంతా తన మీదే వేసుకుని ముందు తెగుతుంది. ఇది తెలియక చేసింది కాదు. మోకు చీలాలి, అందరూ చూస్తుండగా మేస్త్రి మొహం మాడాలి, అంతే అనుకుంది. ఆ మోకు మీద ఒక మనిషి నిలబడతాడన్న సంగతి తలపుకు రానివ్వలేదు.

జూన్‌లో మొదటి రోజు తాళ్ళు అందాయి. "హుయిల్కా సబీనో, ఎనభై బారలు!" నికాసియా ఎండబెట్టిన బంగాళాదుంపలు కడుగుతూ విని, ఈసారి పెదవి విరిచింది. మధ్యాహ్నానికి మగవాళ్ళు బారులు తీరి లాగుతూ మోకులు పేనారు. తెల్లారితే వాటిని నది మీదుగా దాటించి, మేస్త్రి అందరికంటే ముందు వాటి మీద కాలు పెట్టాలి.

సబీనో పెళ్ళాం బసీలియా దుంపల తొక్క తీస్తూ మాట కలిపింది. "వదినా, మీ తమ్ముడికి పిచ్చి. మేం ఎంత గట్టిగా పేనినా, అదేం తాడే అని పక్కన పడేస్తాడు. నువ్వు పేనింది ఒకరికివ్వడు. ఎడమ కాలి కింద మోకులో నీదే ఉండాలి. కళ్ళు తిరిగినప్పుడల్లా అక్క తాడు అనుకుని అడుగేస్తాడంట. తొమ్మిదేళ్ళుగా ఇదే పాట."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నీకు చెప్తే ఇంక నిన్ను పట్టగలమా?" బసీలియా పకపకా నవ్వింది.

నికాసియా చేతిలో దుంప నీళ్ళలో పడింది. తొమ్మిదేళ్ళు! తెలుసన్నమాట వాడికి. తన తాడు విలువ ఊళ్ళో అందరికంటే ఎక్కువ తెలుసు, తెలిసీ నోరు విప్పలేదు. ఒక్క క్షణం ఆమెకు భయం కంటే కోపమే ముందొచ్చింది. పడనీ అనుకుంది. ఆ వెంటనే వాడి ఎడమ కాలు కళ్ళముందు కదిలింది. చిన్నప్పుడు ముల్లు దిగితే ఆమె పళ్ళతో పీకిన కాలు.

లేచి నల్లరాయి దాటింది.

"ఏయ్! ఆడమనిషి! వెనక్కి!" కింద నుంచి కేకలు లేచాయి. పూజ చేసే ఫౌస్తో తాత కొండదేవరలకిచ్చే కోకా ఆకులు చేతిలో పట్టుకునే నిలబడిపోయాడు. "వంతెన చంపుతావా ఏమే నికాసియా?"

"చంపే పని ఎప్పుడో చేశాను తాతా. ఎడమ మోకు విప్పించు."

సబీనో ముందుకొచ్చాడు. "ఏమైందక్కా? ఇంటికి పద."

"విప్పరా ముందు. నా తాడులో పది బారలు ఎడమ పురి."

అంత లావు మోకు, ముప్పై మంది చేతులు పడ్డ పని. సబీనో మోకు చుట్ట మీద కూర్చుని, తలెత్తకుండా, "విప్పండి" అన్నాడు. విప్పారు. ఆమె కళ్ళు మూసుకుని తాళ్ళ మధ్య వేళ్ళు జారనిచ్చి, ఒకదాన్ని పట్టి బయటికి లాగింది. అప్పటికే అది పాములా మెలికలు తిరిగి బిగిసి ఉంది.

"ఎందుకే?" అన్నాడు సబీనో.

"నా పేరు ఎప్పుడన్నా పిలిపించావురా?"

"అడగలేదుగా నువ్వు."

"నువ్వు మాత్రం అడిగి పుట్టావా మగోడివై!"

వెనక ఎవడో కిసుక్కున నవ్వబోయి దగ్గులోకి దింపాడు.

పది బారలు తక్కువ. పేనడానికి అక్కడ చేతనైన మగాడు లేడు, పైకి పంపి తెప్పించే పొద్దు లేదు. నికాసియా అక్కడ మిగిలిన గడ్డి తీసుకుని, ఒడ్డునే కూర్చుని తడిపి, దంచి, పేనడం మొదలెట్టింది. నది పక్కనే హోరుమంటోంది. తెంపలేదు, ఏమీ చేయలేదు. ముప్పై మంది మగవాళ్ళు ఆ చేతుల్ని మొదటిసారి చూశారు. తాడు పూర్తయ్యాక లినో అలవాటు కొద్దీ ఛాతీ నిండా గాలి పీల్చి, "హుయిల్కా సబీ..." అన్నాడు. ఆమె తాడు కొస వదల్లేదు.

"సబీనో అక్క, పది బారలు!" అని సర్దుకున్నాడు.

కొస ఆమె పిడికిట్లోనే ఉంది.

సబీనో గొంతు సవరించుకున్నాడు. "పేరు పెట్టి పిలువు లినో. పొద్దు వాలుతోంది."

"హుయిల్కా నికాసియా! పది బారలు!"

కొండ ఆ పేరును రెండుసార్లు తిరిగి పలికింది. ఆమె పిడికిలి విప్పింది.

మర్నాడు సబీనో మోకుల మీదికి మొదటి అడుగు వేశాడు, ఎడమ కాలే. నల్లరాయి ఇవతల నుంచి చూస్తున్న నికాసియాకు ప్రాణం కుదుటపడింది. ఆ కుదుటపడ్డ ప్రాణమే మళ్ళీ కుళ్ళుకుంది. అవతలి ఒడ్డు మట్టి ఈ ఏడు కూడా వాడి కాలికే మొదట అంటింది.

చేసింది తప్పేనని ఆమె ఒప్పుకుంటుంది. ఊరి పెద్దలు వేసిన శిక్ష, రెండేళ్ళపాటు రెట్టింపు తాడు పేనడం, నోరెత్తకుండా మోస్తోంది. కానీ వాళ్ళు ఇంకో తీర్మానం కూడా చేశారు. ఆ కేక ఒక్కరోజు మాట, వచ్చే జూన్ నుంచి పాత పద్ధతేనట. దాన్ని మాత్రం ఆమె ఒప్పుకోదు. తనవి ముప్పై, బసీలియావి నలభై, మిగతా ఆ డెబ్భై బారల సంగతేమిటని ఇప్పుడు ఊరి కూటమిలో ప్రతి ఆదివారం లేచి అడుగుతోంది. బసీలియా కూడా పక్కన లేచి నిలబడుతోంది.

ఆ కూటమిలో ఆమెకు మీ చేయి అందదు. మీ ఊళ్ళో అందుతుంది. పాత కట్టడం ముందు నిలబడి మన పూర్వీకుల ఘనత అని ఎవరైనా చదివి వినిపిస్తే, మట్టి తొక్కిందెవరు, రాయి మోసిందెవరు, తాడు పేనిందెవరు అని అక్కడే గట్టిగా అడగండి. మీ చెరువు పనిలో, మీ సంఘంలో, మీ ఇంట్లో పని ఒకరిదై పేరు ఇంకొకరిది పిలిస్తే, ఆ పిలిచే మనిషిని ఆపండి. సరైన పేరు పలికేదాకా కొస వదలకండి.